నిద్రించు ప్రతిని లేపకయే చదువుట

ఒక వస్తువును దాచియుంచుట యొక పని. దాచినదానిని అవసరమైననాడు చెడకుండ విప్పి చూడగలుగుట మరియొక పని. మొదటి పనిని మనలో ననేకులు చేయుదురు. పెట్టె యడుగున ఇంటి దస్తావేజులు, జనన ధ్రువపత్రములు, పాత ఉత్తరములు లేని యిల్లు అరుదు. కాని యవి యెచ్చట నున్నవో, వానిని చినుగకుండ విప్పుట యెట్లో, చూచిన పిమ్మట మరల యథాస్థితిని ఉంచుట యెట్లో ఎరిగినవారు కొలదిమందియే. కంప్యూటరు విషయమునను ఇదియే రీతి. “బ్యాకప్పు ఉన్నది” అని ధైర్యము చెప్పుకొనువారు పలువురు. ఆ బ్యాకప్పును తెరచి అందుండి కావలసిన యొక్క కాగితమును తీసి చూపగలవారు కొందరు. గత సంవత్సరము మన పాఠశాలలో ఈ రెండవ పని తటస్థించెను. అప్పుడు మాకు తెలియవచ్చిన సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగించునను తలంపుతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా పూర్ణప్రతి యన నేమో తెలిసికొందము. మన మొక ఫోటోనో, ఒక పాఠమునో పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనుట సామాన్యమైన నకలు. అందు మనము కోరిన ఫైలు మాత్రమే వచ్చును. పూర్ణప్రతి యట్టిది కాదు. డిస్కునందలి మొదటి అక్షరము మొదలు చివరి అక్షరము వరకు, నిండిన తావులను ఖాళీ తావులను గూడ విడువక, ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయుటయే పూర్ణప్రతి. దీనినే క్లోను అందురు. అందు మన ఫైళ్లే గాక, యంత్రమును నడిపించు వ్యవస్థ, ప్రోగ్రాములు, వాడువారి పేర్లు, రహస్యపదములు, గోడకు వ్రేలాడు గడియారపు వేళవలె నిర్ణయింపబడిన నిత్యకృత్యములు సయితము వచ్చును. అట్టి ప్రతిని డిస్కుగా నిలిపి మీట నొక్కితిమేని, అసలు యంత్రమే లేచి కూర్చున్నట్లు పనిచేయును. మీట నొక్కనంతకాలము అది నిద్రించుచునే యుండును.

ఈ సంగతి మన పట్టణపు వృత్తిలోని దృష్టాంతముతో ఇంకను తేటపడును. ఛత్తాబజారు పేరు మీ రెల్లరు ఎరుగుదురు. శుభలేఖలకును ముద్రణకును ఆ వీధి నేటికిని ప్రసిద్ధము. శిలాముద్రణ సాగిన కాలమున ఉర్దూ పుస్తకములను అచ్చువేయుటకు ముందు కాతిబు, అనగా చేవ్రాతగాడు, రెల్లుకలముతో ప్రత్యేకమైన కాగితముమీద పుటను సిద్ధపరచెడివాడు. ఆ వ్రాత రాతిమీదికి ఎక్కింపబడెడిది. రాతిని యంత్రమున బిగించి సిరా పూసినప్పుడే పుటలు వెలువడును. బిగింపక గోడకు చేరవేసియుంచిన రాతినుండి ఒక్క పుటయు వెలువడదు. అయినను అందలి వ్రాత అందుండనే యుండును. ఒక తేదీని గాని, ఒక పేరును గాని సరిచూచుకొనవలసినచో రాతిని యంత్రమున కెక్కింపనక్కరలేదు. వెలుతురులోనికి తెచ్చి, చేయి తగులకుండ, కన్ను పెట్టి చూచిన చాలును. కంప్యూటరునందలి నిద్రించు ప్రతిని మౌంటు చేసి చదువుట సరిగా ఇట్టిదియే.

ప్రతు లవసరమని హైదరాబాదు వారికి వేరుగ బోధింప నవసరము లేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను, లెక్కకు మించిన యిండ్లను, ఆ యిండ్లలోని కాగితములను గొనిపోయెను. ఆ విపత్తు పిమ్మటనే ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అయినను వాన తన వాడుక మానలేదు. 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన కుంభవృష్టిచేత ఫలక్‌నుమా, హాఫిజ్ బాబానగర్ మున్నగు పాతనగరపు భాగములు నీట మునిగినవి. కరోనా వ్యాధి కారణమున అప్పుడు బడులు మూతపడియుండెను. పిల్లలు బడిలో లేకుండుట యొక మేలే. కాని క్రింది యంతస్తున నున్న కార్యాలయములోనికి మోకాలిలోతు నీరు చేరెను. బీరువా క్రింది అరలోని ప్రవేశ రిజిస్టర్లలో కొన్నిటి సిరా కరిగి, పేరులన్నియు నీలిమరకలుగా మారెను. నేలమీద నున్న కార్యాలయపు కంప్యూటరు బురదనీటిలో రెండు దినములుండి, మరల పలుకలేదు.

అయితే ఆ యంత్రమునకు ప్రతి యొకటి మిగిలియుండెను. 2019వ సంవత్సరపు వేసవి సెలవులలో, అప్పటి మా సహోపాధ్యాయు లొకరు ఆ యంత్రపు డిస్కును, అది 500 గిగాబైట్లది, పూర్ణప్రతిగా తీసి, ఒక బయటి డిస్కులో నొక్క పెద్ద ఫైలుగా ఉంచిరి. యంత్రము నడచుచుండగా గాక, దానిని ఆపి, పెన్‌డ్రైవునందలి వేరొక లినక్సుతో లేపి, ‘డీడీ’ అను కమాండుతో ఆయన దానిని తీసిరి. నడచుచున్న యంత్రము ప్రతిక్షణము వ్రాయుచునే యుండును గనుక, అట్టి సమయమున తీసిన ప్రతి పరుగెత్తు బాలుని ఛాయాపటమువలె చెదరియుండును. దాదాపు రెండు గంటలలో పని ముగించి, ఆయన మరియొక మంచిపని చేసిరి. ఆ ఫైలునకు ‘షా 256’ అను లెక్కతో వేలిముద్ర తీసి, వచ్చిన 64 అక్షరములను ఒక చీటిమీద వ్రాసి డిస్కునకు అంటించిరి. ఫైలునందు ఒక్క అక్షరము మారినను ఆ 64 అక్షరముల వరుస గుర్తింపరానంతగా మారిపోవును. డిస్కును మేడమీది గ్రంథాలయపు బీరువాలో భద్రపరచి, కొంతకాలమునకు ఆయన వేరొక ఊరికి వెళ్లిరి. అది యచ్చట నున్నదను మాటయే చాలమంది మరచిరి.

గత సంవత్సరము ఒక తల్లి మన కార్యాలయమునకు వచ్చెను. ఆమె కుమారుడు మన బడిలో చదివి వెళ్లి యేండ్లయినది. ఒక యుద్యోగపు దరఖాస్తునకు అతడు తాను స్థానికుడనని నిరూపించుకొనవలసియుండెను. అందుకు చదివిన తరగతుల ధ్రువపత్రము కావలెను. గడువు ఆరు దినములు మాత్రమే యుండెను. అతడు చేరిన సంవత్సరపు రిజిస్టరు తడిసినవానిలో నొకటి. బదిలీ సర్టిఫికెట్ల ప్రతిపుటల కట్టలు మేడమీద క్షేమముగనే యున్నవి గాని, సంఖ్య తెలియనిదే ఆ వందలకొలది పుటలలో వెదకుట ఆరు దినములలో నగు పని కాదు. విషయము విన్నంతనే ఆమె, “సారూ, పుస్తకము తడిసినంతమాత్రాన మా పిల్లవాడు ఇచ్చట చదువనట్లేనా?” అని యడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. అప్పుడు గ్రంథాలయములోని డిస్కు జ్ఞాపకమునకు వచ్చెను.

ఒక మరమ్మతు దుకాణపు యజమానిని సలహా అడుగగా, “ఆ ప్రతిని వేరొక మెషినులోనికి ఎక్కించి ఆన్ చేయండి సార్, అన్నీ కనబడును” అని తేలికగా చెప్పెను. మేము దీనిని అంగీకరింపలేదు. ఏలయన, లేపుట యనగా కేవలము చూచుట కాదు. లేచిన మరుక్షణమే వ్యవస్థ తన దినచర్య నారంభించును. గడియారమును సరిచేసికొనును; లాగు పుస్తకములలో క్రొత్త పంక్తులు వ్రాయును; పాతవానిని తుడిచివేయును; తాత్కాలికములని తోచిన ఫైళ్లను తీసివేయును. ఇంటర్నెట్టు దొరికినచో క్రొత్త సరకు దిగుమతి చేసికొని తన్నుతాను మార్చుకొనును. అంతకుమించి, 2019లో నిద్రించిన ఆ యంత్రము తానింకను కార్యాలయపు యంత్రమే యనుకొని, అదే పేరుతో, అదే చిరునామాతో నేటి కార్యాలయపు యంత్రముతో పోటీ పడును. మన యొద్ద నున్నది ఒక్కటే ప్రతి. ఒక్క పంక్తిని చదువుటకై ఆ యొక్క ప్రతిని మార్చుట వివేకము కాదు.

మౌంటు చేయుట యను మార్గము ఇందులకు భిన్నము. ఈ పదము పుట్టుక చక్కగా నుండును. పూర్వము పెద్ద కంప్యూటర్లలో టేపు చుట్టలను గాని, పళ్లెరములవంటి డిస్కుల దొంతరలను గాని మనుష్యులు చేతులతో ఎత్తి ఇరుసుమీద ఎక్కించెడివారు. అట్లెక్కించుటయే మౌంటు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సను, డెన్నిస్ రిచ్చీ యను విద్వాంసులు 1969 మొదలుకొని నిర్మించిన యూనిక్సు వ్యవస్థకు 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన తొలి మాన్యువలునందే ఈ కమాండు కలదు. యూనిక్సునందు ఫైళ్లన్నియు ఒకే చెట్టునకు కొమ్మలు. క్రొత్త డిస్కు వచ్చినప్పుడు దానికి వేరొక చెట్టు నాటరు. ఉన్న చెట్టునందే యొక ఖాళీ ఫోల్డరును చూచి, అచ్చట దానిని అంటుకట్టుదురు. అంటుకట్టిన పిమ్మట ఆ డిస్కునందలి ఫైళ్లు మన చెట్టు కొమ్మలవలెనే కనబడును. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు ఈ పద్ధతినే స్వీకరించెను. మన ప్రయోగశాలలోని యంత్రములు నడచునది ఆ లినక్సు మీదనే. స్వేచ్ఛ యను సంస్థ తెలుగున సిద్ధపరచిన వ్యవస్థయు లినక్సు కుటుంబములోనిదే.

ఆ శనివారము పదవ తరగతి విద్యార్థు లిద్దరిని తోడుగ నుంచుకొని మేము పని ఆరంభించితిమి. మొదట డిస్కునందలి ఫైలునకు మరల వేలిముద్ర తీసితిమి. గంటకు పైగా పట్టెను. తెరమీద వచ్చిన 64 అక్షరములను ఒక విద్యార్థి చదువుచుండగా, రెండవవాడు చీటిమీది యక్షరములతో ఒక్కొక్కటిగా పోల్చెను. అన్నియు సరిపోయినవి. ఇన్ని యేండ్లలో ప్రతి చెడలేదని అప్పుడు నమ్మకము కలిగెను.

తరువాతి పని ఆ ఫైలును డిస్కువలె కనబడునట్లు చేయుట. ఏలయన, లినక్సు దృష్టిలో నది యొక పెద్ద ఫైలు మాత్రమే. దానిలో డిస్కు భాగములున్నవని దానికి తెలియదు. ‘లాస్‌సెటప్’ అను కమాండు ఆ ఫైలునకు లూపు అను కల్పిత డిస్కు పేరు నిచ్చును. దానికి రెండు గురుతులు చేర్చితిమి. ఒకటి, లోపలి భాగములను వెదకి విడివిడిగా చూపుమని. రెండవది, దీనిమీద నేమియు వ్రాయనీయవలదని. మాకు ‘లూప్ 12’ అను పేరు వచ్చెను. “సార్, 12 ఎందుకు? మన ప్రతి ఒక్కటే గదా!” అని ఒక విద్యార్థి యడిగెను. ఉబుంటు వ్యవస్థ తన స్నాపు ప్రోగ్రాములను గూడ ఇదే పద్ధతిని మౌంటు చేసి నడుపుకొనును గనుక ముందరి సంఖ్యలు నిండియున్నవి. అందుచేతనే ఏ సంఖ్య వచ్చునో ముందుగ ఊహింపరాదు. కమాండు చెప్పిన పేరునే వ్రాసికొనవలెను.

అటుపిమ్మట ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ యను కమాండుతో డిస్కుల పట్టికను చూచితిమి. ఇచ్చట నొక విచిత్రము కనబడెను. డిస్కునందలి లినక్సు ఫైలు వ్యవస్థకు సాధారణముగ యూయూఐడీ యను 32 అక్షరాంకముల గుర్తింపు ఉండును. లోకములో ఏ రెంటికిని ఒక్కటే యుండరాదని దాని యుద్దేశము. కాని మా పట్టికలో ప్రయోగశాల యంత్రపు డిస్కునకును, పాత ప్రతికిని ఒకే గుర్తింపు కనబడెను. కారణ మేమనగా, మన బడి యంత్రములన్నిటిని మొదట ఒక్క తల్లిప్రతినుండియే సిద్ధపరచిరి. క్లోను చేసినప్పుడు గుర్తింపు సయితము క్లోనగును. హాజరుపట్టీలో కవలలిద్దరిని ఒకే పేరుతో వ్రాసికొన్నచో పిలిచినప్పుడు ఎవరు పలుకుదురో తెలియనట్లు, గుర్తింపుతో పిలిచినచో ఏ డిస్కు తెరువబడునో చెప్పజాలము. కొన్ని ఫైలు వ్యవస్థలు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటివి, ఒకే గుర్తింపుగల రెంటిని ఒకసారి మౌంటు చేయుటకు ఒప్పుకొనవు. మాది ఈఎక్స్‌టీ 4 గనుక ఒప్పుకొనును. ఒప్పుకొనుటయే యచ్చట ప్రమాదము. అందువలన గుర్తింపుతో గాక, ‘లూప్ 12’ లోని రెండవ భాగమని స్పష్టముగ పేరుపెట్టి పిలిచితిమి.

మౌంటు కమాండునకు జతపరచు షరతులలో ‘ఆర్‌ఓ’ యనునది ముఖ్యము. చదువుటకే గాని వ్రాయుటకు కాదని దాని యర్థము. అది యొక్కటి చాలునని తోచును గాని చాలదు. ఈఎక్స్‌టీ 4 వ్యవస్థ జర్నలు అను చిట్టాను ఉంచుకొనును. యంత్రము అర్ధాంతరముగ ఆగిపోయినచో మిగిలిన పనులు ఆ చిట్టాలో నుండును. మరల మౌంటు చేయునప్పుడు, మనము చదువుటకే యని చెప్పినను, అది ముందు ఆ పెండింగు పనులను పూర్తిచేయజూచును, అనగా వ్రాయును. ‘నోలోడ్’ అను షరతు చేర్చినచో చిట్టా జోలికి పోదు. దానితో పాటు లోపలి ప్రోగ్రాములు నడువరాదని ‘నోఎగ్జెక్’ అను షరతును గూడ చేర్చితిమి. లూపునకు వేసిన తాళ మొకటి, మౌంటునకు వేసిన తాళము మరియొకటి. ఒక్క ప్రతి మాత్రమే యున్నవాడు రెండు తాళములు వేసికొనుట అతిజాగ్రత్త కాదు.

అంటుకట్టు తావును ఎన్నుకొనుటలో గూడ నొక విచారము కలిగెను. లినక్సు ప్రతి ఫైలుమీద యజమాని పేరును వ్రాయదు, సంఖ్యను వ్రాయును. ఆ సంఖ్యకు పేరును, ప్రస్తుతము నడచుచున్న యంత్రపు పట్టికలో చూచి చెప్పును. పాత యంత్రమున 1000వ సంఖ్య కార్యాలయపు గుమాస్తాగారిది. ప్రయోగశాల యంత్రమున అదే 1000 విద్యార్థుల ఖాతాది. కాబట్టి గుమాస్తాగారు దాచిన ఫైళ్లన్నియు ఇచ్చట విద్యార్థుల సొత్తుగా కనబడును. వారు తెరువవచ్చును గూడ. ఆ ఫైళ్లలో ఎందరో పిల్లల పుట్టిన తేదీలు, తండ్రుల ఆదాయములు, ఆధారు సంఖ్యలు ఉన్నవి. అందుచేత రూటు అధికారికి దప్ప నన్యులకు ప్రవేశము లేని ఫోల్డరులోపల క్రొత్త ఫోల్డరు నొకదానిని చేసి, అచ్చట మౌంటు చేసితిమి. తోడున్న విద్యార్థులకు కారణము చెప్పగా, వా రిద్దరును దానిని గౌరవముగ అంగీకరించిరి. కమాండులను వారు చూడవచ్చును. ఇతరుల వివరములను చూడరాదు.

మీట నొక్కగానే ఏ మాటయు లేక క్రొత్త పంక్తి వచ్చెను. యూనిక్సు సంతతిలో మౌనమే జయసూచకము. 2019నాటి కార్యాలయము మా యెదుట నుండెను. గుమాస్తాగారి డెస్కుటాపుమీద ‘ప్రవేశములు’ అను పేరుగల ఫోల్డరు కనబడెను. ఆ పేరును చూచి కమాండు వ్రాసిన విద్యార్థి సంతోషించెను. మరుక్షణమే వాని ముఖము వెలవెలబోయెను. “సార్, ఇందు ఏమియు లేదు. ఖాళీ” అనెను. గదిలో కొంతసేపు నిశ్శబ్దము. గడువు ఇంక నాలుగు దినములు.

“నాయనా, ఆ ఫోల్డరు ఎదుట బాణపుగుర్తు ఉన్నదేమో పట్టికను వివరముగ తీసి చూడుము” అంటిమి. చూడగా నున్నది. అది ఫోల్డరు కాదు, లింకు. అనగా దారిచూపు పలక. “వేరొక చోటికి పొమ్ము” అని దానిమీద వ్రాసియుండెను. ఆ దారి చెట్టు మొదలునుండి వ్రాయబడినది. చెట్టు మొదలు అనగా ఏ చెట్టు? పాత యంత్రము మేల్కొనియున్నచో తన చెట్టే. కాని యిప్పుడది నిద్రించుచున్నది. మేల్కొనియున్న చెట్టు ప్రయోగశాల యంత్రముది. కాబట్టి లింకు మమ్ములను ప్రతిలోనికి గాక, ప్రయోగశాల యంత్రములోని అదే పేరుగల ఫోల్డరునకు తీసికొనిపోయెను. తల్లిప్రతినుండి సంక్రమించిన ఆ ఫోల్డరు అచ్చట నెప్పుడును ఖాళీయే. కవలల యిండ్లు ఒక్క నమూనావే; మేము చిన్నవాని గది తలుపు తట్టి, పెద్దవాని సామాను లేదని దిగులుపడితిమన్నమాట.

ఉపాయము సులభము. లింకు చెప్పిన దారికి ముందు, మేము అంటుకట్టిన తావు పేరును చేర్చి మరల వ్రాయుమంటిమి. ఈసారి సంవత్సరముల వారీగా పదునొకండు ఫైళ్లు వరుసగా కనబడినవి. విద్యార్థులను తెరకు ఆవలికి పంపి, కావలసిన సంవత్సరపు ఫైలును మాత్రము ప్రతినుండి బయటికి నకలు తీసి, ఆ నకలును తెరచితిమి. ప్రతిలోపలనే తెరువలేదు. ఆ బాలుని పేరు, తండ్రి పేరు, ప్రవేశ సంఖ్య, చదివిన తరగతులు, చివరి గడిలో బదిలీ సర్టిఫికెటు సంఖ్య అన్నియు ఉన్నవి. ఆ సంఖ్యతో మేడమీది కట్టలలో వెదకగా, అర్ధగంటలో ప్రతిపుట దొరకెను. కంప్యూటరు గడిని మాత్రమే నమ్మి ధ్రువపత్రము నీయలేదు. సంతకము, ముద్ర గల కాగితముతో సరిపోల్చిన మీదటనే ప్రధానోపాధ్యాయులు ఇచ్చిరి. సోమవారము ఆ తల్లి కుమారునితో గూడ వచ్చి దానిని పుచ్చుకొనెను.

పని ముగిసినదని అంతటితో డిస్కును పెరికివేయరాదు. ‘అమౌంట్’ అను కమాండుతో అంటును విడదీయవలెను. మొదటిసారి అది యొప్పుకొనక, ఆ తావు పనిలో నున్నదని చెప్పెను. కారణము చూడగా, ఒక టెర్మినలు కిటికీ ఇంకను ఆ ఫోల్డరులోనే నిలిచియున్నది. గదిలో మనిషి యుండగా తాళము వేయరాదుగదా! ఆ కిటికీని బయటికి రప్పించి మరల చెప్పగా విడిపోయెను. లూపు పేరును గూడ తొలగించి, నకలు ఫైలును కార్యాలయమునకు చేర్చి, ప్రయోగశాల యంత్రమునుండి దానిని తీసివేసితిమి. కడపట మూడవసారి వేలిముద్ర తీసితిమి. మరల గంటకు పైగా కాలము పట్టినను, ఆ విద్యార్థు లిద్దరును ఇంటికి పోక కూర్చుండిరి. 64 అక్షరములును 2019నాటి చీటితో సరిపోయినవి. మేము లోపలికి పోయి, వెదకి, తీసికొని, బయటికి వచ్చితిమి. ప్రతికి మాత్రము మేము వచ్చిన జాడ లేదు.

లోకములో పెద్ద యంత్రములను కాపాడువారు ఈ పద్ధతిని ఇంకను చక్కజేసిరి. సన్ మైక్రోసిస్టమ్స్ వారి జెడ్‌ఎఫ్‌ఎస్ అను ఫైలు వ్యవస్థ 2005లో వెలువడెను. అందు క్లోను తీయుటకు గంటలు పట్టవు; క్షణములో నగును. ఏలయన, అది వెంటనే దేనిని ఎత్తి వ్రాయదు. రెండు ప్రతులును ఒకే తావులను పంచుకొనుచుండును. ఒకదానిలో మార్పు వచ్చినప్పుడు ఆ మారిన భాగమునకు మాత్రమే క్రొత్త తావు వాడును. దీని యాధారముననే ఫ్రీబీఎస్‌డీ యను వ్యవస్థ 2018లో వెలువడిన 12వ సంచికనుండి ‘బీఈసీటీఎల్’ అను కమాండును చేర్చెను. యంత్రమున పెద్ద మార్పు చేయుటకు ముందు వ్యవస్థకంతకును క్లోను తీయుదురు. మార్పు వికటించినచో పాతదానితో లేపవచ్చును; లేదా క్రొత్తది నడచుచుండగనే, నిద్రించు పాతదానిని ఒక ఫోల్డరువద్ద మౌంటు చేసి, పోయిన ఒక్క ఫైలును తెచ్చుకొనవచ్చును. పట్టికలో ఇప్పుడు నడచుచున్నదానికి ‘ఎన్’ అనియు, మరల లేపినప్పుడు నడువబోవుదానికి ‘ఆర్’ అనియు గురుతులుండును. ఏ గురుతును లేనిది నిద్రించు ప్రతి.

ప్రియ విద్యార్థులారా! ఈ కమాండులన్నియు మీకు కంఠస్థము కానక్కరలేదు. మరచినప్పుడు మాన్యువలు చూచుకొనవచ్చును. మరువరాని వేవియనగా, తెరువబోవునది ఏదో రూఢిగా గుర్తుపట్టుట. చదువుటకు వచ్చినచోట వ్రాయకుండుట. ఇతరుల సమాచారము మన చేతికి చిక్కినను మన కన్నులకు చిక్కనీయకుండుట. ఖాళీగా కనబడినంతనే లేదని నిశ్చయింపక, ఏ చెట్టుకొమ్మమీద నిలిచి చూచుచున్నామో తెలిసికొనుట. పని ముగిసిన పిమ్మట విడదీసి, సరిచూచి, తాళము వేయుట. ఈ నియమములు డిస్కునకే గాదు, గ్రంథాలయములోని పాత పుస్తకమునకును, తాతగారి పెట్టెలోని కాగితములకును వర్తించును.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ యింటి ముఖ్యపత్రముల ప్రతులను నేలకు ఎత్తున, వీలైనచో రెండు చోట్ల ఉంచుడు. సంవత్సరమున కొకసారి వానిని తెరచి చూడుడు. తెరచి చూడని ప్రతి ప్రతియో కాదో యెవరికిని తెలియదు. మన పాఠశాలలో ఇప్పుడు ప్రతి వేసవి సెలవులలోను కార్యాలయపు యంత్రమునకు క్రొత్త పూర్ణప్రతి తీయబడుచున్నది. దానిని ఒకసారి మౌంటు చేసి, ఒక్క ఫైలునైనను చదివి చూచిన పిమ్మటనే బీరువాలో పెట్టుచున్నారు. చీటిమీద 64 అక్షరములను వ్రాయు పని పదవ తరగతి విద్యార్థులది. వారి చేవ్రాత ఇంకను కొంత గుండ్రముగ నుండవలసియున్నది.